నాయన చెయ్యి మీద నా తీర్పు

మా ఇందుకూరుపేట పక్క ఏ వస్తువు చెడిపోయినా మేము చెప్పే రోగం ఒకటే: ఉప్పు పట్టింది. రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ మోటార్లు బాగుచేసే నేను ఆ ఒక్క మాట మీదే సంసారం నెట్టుకొస్తున్నాను.

పక్షవాతంతో నాయన ఎడమ చెయ్యి పడిపోయింది. కాస్త కదలిక వచ్చాక, బొటనవేలికి పని పెట్టమని ఫిజియోథెరపీ ఆమె చెప్పింది. నేను తెలివిగా ఒక పాత గేమ్ కంట్రోలర్ కొని టీవీకి తగిలించి, కారు నడిపే ఆట పెట్టాను. కారు దానంతటదే ముందుకు పోతుంది. కంట్రోలర్ మీదున్న చిన్న పుల్లను ఎడమ బొటనవేలితో ఏ పక్కకు తిప్పితే ఆ పక్కకు మలుపు తిరుగుతుంది. జీవితమంతా సముద్రంలో పడవ నడిపిన మనిషి చేతికి కారిచ్చాను. అది పోయి పోయి రోడ్డుకు ఎడమ పక్క గోడనే గుద్దేది.

"నీళ్లు ఎడమకి లాగతా ఉండాయిరా," అన్నాడు నాయన మొదటిరోజే.

"రోడ్డు మీద నీళ్లేంది నాయనా? నీ చెయ్యే అది. గట్టిగా పట్టు."

నెల రోజులు ఇదే పాఠం. ఆయన మాట మార్చకపోయేసరికి, నోరు మూయించడానికి కంట్రోలర్ విప్పాను. ఉప్పు లేదు. ఉప్పు లేదంటే రోగమే లేదన్నమాట. బ్రష్‌తో తుడిచి బిగించి, "మిషన్‌లో ఏమీ లేదు" అని తేల్చేశాను. ఆ తర్వాత ఆయన నీళ్ల ఊసెత్తలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని పిసుక్కుంటూ కూర్చునేవాడు. దారికొచ్చాడనుకున్నాను.

ఒక సాయంత్రం ఆట మధ్యలో ఆయన మంచినీళ్లకు లేచాడు. కంట్రోలర్ మంచం మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. కారు మెల్లగా ఎడమకు తిరిగి గోడను గుద్దింది.

తప్పు మోటారుదా, అది లాగే బరువుదా తెలియడానికి, ఏ మోటారునైనా ముందు లోడ్ తీసేసి ఒట్టిగా తిప్పి చూస్తాను. నాయన చెయ్యి తీసేసి చూడాలని మాత్రం నెల రోజులు తట్టలేదు. మళ్లీ విప్పాను. పుల్ల కింద చిన్న భాగం అరిగిపోయి, పుల్ల నిటారుగా ఉన్నా ఎడమకే తిప్పినట్టు టీవీకి చెబుతోంది. నెల్లూరు నుంచి కొత్తది తెచ్చి వేశాను. నాయన మొదటిసారి కుడి గోడను గుద్దాడు. నెల రోజులు పుల్లను కుడికి లాగి లాగి వేలికి అంత బలమొచ్చింది. తర్వాత నేరుగా పోనిచ్చాడు.

"మిషన్‌దే తప్పు నాయనా," అన్నాను. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను. తిట్టినా బాగుండేది.

"చెయ్యి బాగానే ఉండాదని నాకు తెలస్తానే ఉండె," అన్నాడు టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. "మిషన్లు తెలిసినోడివి, నువ్వు బాగలేదంటే బాగలేదేమో అనుకున్నా."