ఓదెలు ఎడమ చూపుడువేలు

తెలుగు సినిమాలో ఓటేసే సీను వచ్చినప్పుడు జనంలో ఎవరి కుడిచేతి వేలికైనా సిరాచుక్క కనిపిస్తే, ఆ గుంపులో ఓదెలు ఉన్నట్టే. నలభై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టుగా బతుకుతున్న ఓదెలు, ఎడమ వేలికి మాత్రం సినిమా రంగు పూయించుకోడు. దర్శకుడు బతిమాలినా, హీరో అలిగి కారవాన్ ఎక్కినా అంతే. "ఎడమ వేలు సర్కారుది, తక్కిన తొమ్మిది సినిమాయి" అంటాడు.

ఆ నలభై ఏళ్లలో తెర మీద ఓదెలు కనిపించిందంతా కూడితే ఒక భుజం, ఒక తలపాగా, సగం చెవి తేలతాయి. ఆ సగం చెవిని థియేటర్‌లో గుర్తుపట్టి భార్య మల్లమ్మ ఈల వేసిందనీ, ఆ ఈలకు ఆపరేటర్ బెదిరి రీలు ఆపేశాడనీ చెబుతాడు.

"ఈల గాదు, దగ్గొచ్చింది" అంటుంది మల్లమ్మ.

ఎడమ వేలి పట్టింపు వెనక పోయిన ఓటొకటి ఉంది. పెళ్లయిన కొత్తలో మాట. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే బస్తీలో అప్పట్లో గడపకో జూనియర్ ఆర్టిస్టు. రేపు పోలింగ్ అనగా పోలింగ్ సీనే తీశారు. ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్లు అరవై ఎడమ వేళ్లకు చుక్కలు పెట్టారు. వానొచ్చినా చెదరకూడదని అందులో ఏం కలిపారో ఏమో, సబ్బుకు పోలేదు, చింతపండుకు పోలేదు, గ్యాసునూనెకూ లొంగలేదు. తెల్లారి పోలింగ్ బూత్‌లో అధికారి అరవై వేళ్లూ చూసి, ఒకసారి వేసి మళ్లీ వచ్చారా అని అందరినీ వెనక్కి తోలాడు. ఆ ఏడు గెలవాల్సినవాడు ఓడింది ఆ సినిమా వల్లేనని ఓదెలు ఇప్పటికీ ఒట్టు వేస్తాడు.

ఆ అరవై మందిలో మల్లమ్మ కూడా ఉంది. ఆమెకది మొదటి ఓటు. కొత్త చీర కట్టుకొచ్చి, ఇంటిదాకా వేలు కొంగులో దాచుకుని నడిచింది.

"దొంగ ఓటేస్తే పైసలిచ్చిండ్రు, అసలు ఓటేస్తే ఎల్లగొట్టిండ్రు. ఇదేం యాక్టింగయ్యా?" అంది. ఆనాటి నుంచే ఓదెలు ఎడమ వేలు సినిమాకు ఇవ్వడం మానేశాడు.

ఆ రోజుల్లో బస్తీ క్యూ బడి గేటు దగ్గర మొదలై, టీ కొట్టు చుట్టి, మళ్లీ గేటుకే వచ్చి తన తోకను తానే చూసుకునేది. పైన బంగళాల బూత్‌లో అధికారులు పేపరు చదివి, కునుకు తీసి, లేచి అదే పేపరు మళ్లీ చదివేవాళ్లు. కిందివాళ్లు పైవాళ్ల మీద జాలిపడేవాళ్లు. ఇప్పుడా ఓటెయ్యని జబ్బు కొండ దిగి కిందికీ వచ్చింది. కొన్ని ఇళ్లవాళ్లు బోరబండలో కిరాయికి పోయారు. ఉన్నవాళ్లకు పోలింగంటే పొద్దెక్కేదాకా పడుకునే సెలవు.

మొన్నటి పోలింగ్‌కు ముందు రోజు మళ్లీ అలాంటి సీనే. అసిస్టెంట్ డైరెక్టర్ మనోజ్ఞ జనంలోంచి ఓదెలును ముందుకు పిలిచి స్టూలు వేసింది.

"తాతగారూ, మీ ముఖం, మీ వేలు, రెండే ఫ్రేములో. క్లోజప్!"

క్లోజప్! ఓదెలు ముఖానికి మేకప్ స్పాంజి తగిలేసరికి కళ్లు చెమర్చాయి. నలభై ఏళ్లకు సగం చెవి కాస్తా మనిషి కాబోతోంది.

"ఎడమ చెయ్యివ్వండి."

"కుడిది తీస్కో బిడ్డా. గిది రేపటికి మాటిచ్చిన."

"క్లోజప్‌లో కుడిచేతికి పెడితే రీల్స్ చేసి మమ్మల్ని ఆడుకుంటారు తాతగారూ."

"గీ రంగు రేపటికి పోతదా?"

"చెమటకు పోకుండా గట్టిగా కలిపించాం. నాలుగు రోజులుంటుంది."

"అయితే ఎల్లుండి తియ్యి. సర్కారు చుక్కనే తెస్త, నెల దాకా ఉంటది."

"సాయంత్రానికి సెట్ పీకేస్తారండీ."

ముప్పై ఏళ్లుగా గుంపులో పక్కనే నిలబడే ఏసుకుమార్ చెవిలో గొణిగాడు. "ఒరేయ్, ఒక్క ఓటు కోసం మొహం పోగొట్టుకుంటావేంట్రా? ఈ రోజుల్లో ఎవడు వేస్తున్నాడని?"

ఓదెలు కెమెరా అద్దం వంక చూశాడు. అందులో తన ముఖం గుండ్రంగా, నిండుగా ఉంది. కొంగులో దాచుకున్న వేలొకటి గుర్తొచ్చింది. స్టూలు దిగాడు.

"నువ్వు కూసో ఏసూ."

"నాకేం, నా ఓటు ఇంకా బాపట్లలోనే ఉంది. అక్కడా వెయ్యను, ఇక్కడా వెయ్యను" అంటూ ఏసుకుమార్ ఎడమ చెయ్యి చాపాడు.

ఇంటికెళ్లి ఓదెలు ఆ ముచ్చట ఎత్తలేదు.

తెల్లారి ఏడింటికి బడి గేటు దగ్గర పదకొండు మంది ఉన్నారు. టీ కొట్టుదాకా ఖాళీయే. ఇద్దరూ ఓటేసి వచ్చారు. మల్లమ్మ ఎప్పట్లాగే చుక్క పెట్టిన వేలు పైకెత్తి పట్టుకుని, బస్తీ అంతా చూసేలా నడిచింది. ఇంటి మలుపులో ఆగింది.

"పెద్ద బొమ్మ ఇడిసిపెట్టి వచ్చినవట?"

"ఏసుగాడు చెప్పిండా?"

"గాడ చెప్పని మనిషెవడు? నిలబడు జర. వేలు లేపు."

ఫోను రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి నొక్కింది. ఓదెలు ఆత్రంగా లాక్కుని చూశాడు. ఎడమ చూపుడువేలు చార్మినార్ స్తంభమంత. దాని మీద తడి ఆరని చుక్క. వేలి వెనక ఎక్కడో, సగం చెవి.

"నా మొఖమేదే?"

మల్లమ్మ ఫోను దగ్గరకు తీసుకుని, ఆ చెవిని తేరిపార చూసింది.

"గుర్తువట్టిన" అని ఈల వేసింది.

ఈసారి దగ్గు కాదని ఓదెలు ఒట్టు.