మావయ్య చెక్ ట్రే

ఆ రోజుల్లో పరుగంటే కాళ్ళ పనే అనుకునేవాణ్ణి. పొట్టకి కూడా అందులో వాటా ఉందని ఎవరూ చెప్పలేదు (చెప్పినా వినే రకం కాదనుకోండి). బందరులో ఓ ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. ఊళ్ళోంచి సముద్రం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెడుతున్నారనగానే అందరికంటే ముందు పేరిచ్చేశాను. పొద్దున్నే రెండు బందరు లడ్డూలు మింగి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి బయల్దేరాను. దారిలో నీళ్ళిస్తుంటే వద్దన్నాను. పరిగెత్తేవాడు మధ్యలో తాగకూడదని మా హెడ్ గుమాస్తా గారు చెప్పారు మరి! పదిహేనో కిలోమీటరు దగ్గర పిక్కలు రెండూ పట్టేశాయి. కిందపడి "అమ్మో, అయ్యో" అంటుంటే, చేపల పెట్టెలు తెస్తున్న ఆటో అతను జాలిపడి ఎక్కించుకున్నాడు. ముగింపు గీత దగ్గర చప్పట్లు కొట్టడానికి ఆఫీసంతా వచ్చి నిలబడితే, నేను ఐసు పెట్టెల మధ్యలోంచి దిగాను. మర్నాటినుంచి నా పేరు ఆటో రన్నర్. పైకి నవ్వేవాణ్ణి గానీ లోపల కుతకుత ఉడికిపోయేవాణ్ణి. వచ్చే ఏడైనా గీత దాటకపోతే ఆ పేరుతోనే రిటైరవుతానని బెంగ పట్టుకుంది.

కృత్తివెన్నులో మా అమ్మ తమ్ముడికి రొయ్యల చెరువులున్నాయి. నా గోడంతా విని, పిక్క నొక్కి చూసి, "ఒరేయ్ అల్లుడూ, ఇది మా రొయ్యలకొచ్చే జబ్బేరా! లవణాలు తగ్గితే వాటికీ ఇలాగే తోక వంకరపోయి బిగుసుకుపోతుంది" అన్నాడు.

"నేను రొయ్యని కాదు మావయ్యా!"

"వాటికి నీకంటే బుద్ధుందిరా. అవి మేతంతా ఒక్కసారే మింగవు."

అంతే, నన్నూ చెరువులో వదిలినట్టే అయింది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలోకి తాడుతో ఓ పళ్ళెం దింపుతారు, దాన్నే చెక్ ట్రే అంటారు. నాకేమో స్టీలు పళ్ళెం. ఆదివారాలు గట్ల మీద పరిగెత్తిస్తూ, అరగంటకోసారి అందులో సగం అరటిపండు, బెల్లం ముక్క, ఉప్పేసిన పల్చటి మజ్జిగ పెట్టేవాడు. తిన్నాక పళ్ళెం వంచి చూసేవాడు. ఏమైనా మిగిలితే "కడుపు బరువెక్కింది, వీడికి మేత తగ్గించాలి" అని మా అత్తకి కేకేసి చెప్పేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

మరుసటి ఏడాది పరుగులో మావయ్య పళ్ళెంతో సహా మోపెడ్ మీద నా వెనకే వచ్చాడు. దారంతా జనం ఒకటే నవ్వు. సరిగ్గా పదిహేనో కిలోమీటరు దగ్గర కుడి పిక్క సన్నగా లాగింది. ఇంతలో (నా ఖర్మ కాకపోతే!) అదే ఆటో పక్కకొచ్చి ఆగింది. "ఎక్కుతారా సార్?"

నిజం చెప్పొద్దూ, ఓ కాలు ఎత్తాను కూడా.

మావయ్య మోపెడ్ అడ్డం పెట్టేశాడు. "నువ్వు పోవయ్యా, వీడికి మేత టైమైంది!"

అక్కడే నిలబడి మజ్జిగ గుక్క గుక్కగా తాగాను. పిక్క కాస్త వదిలింది. చివరినుంచి మూడోవాడిగా గీత దాటాను. మా హెడ్ గుమాస్తా గారి ముందు మావయ్య పళ్ళెం తిరగేసి, "చూశారా అండీ, ఒక్క ముక్క మిగల్లేదు!" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది, సంతోషంతోనే లెండి.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు మావయ్యని రోజూ నడవమన్నారు డాక్టరు గారు. మొన్న ఆదివారం మజ్జిగ సీసా పట్టుకుని గట్టు మీద ఆయన వెనకే బయల్దేరాను, పెద్ద మొనగాడిలా. మూడో చుట్టులో పిక్క పట్టేసింది. ఆయనది కాదు, నాది. మావయ్య వెనక్కి తిరిగి, నా పొట్ట వంక ఓసారి చూసి, "ఆటో పిలవనా అల్లుడూ?" అన్నాడు. నవ్వుతూనే గట్టు మీద కూలబడ్డాను. సీసా లాక్కుని, మూత తీసి నా చేతికే ఇచ్చాడు. గటగటా ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కొంచెం కొంచెంగా తాగరా."