ఫిలుమేనా రొట్టె బుట్ట

ముప్ఫై ఏళ్ళ పాటు ప్రతి ఉదయం ఏడున్నరకు ఫిలుమేనా తన మూడో అంతస్తులో చెక్కతో మూసి కట్టిన బాల్కనీ కిటికీ తెరిచి, రెల్లు బుట్టను తాడుతో వీధిలోకి దించేది. బుట్టలో ఉతికి మడిచిన తెల్లగుడ్డ, పిడికి కట్టిన చిన్న గంట. మాల్టా రాజధాని వల్లెట్టాలో ఆ వీధి రేవు దాకా మెట్లుగా దిగిపోతుంది. అందుకని రొట్టెల జారెన్ తన వ్యానును వీధి పైమొగన ఆపి, రెండుసార్లు హారన్ కొట్టి, పళ్ళెం భుజాన పెట్టుకుని నడిచి వచ్చేవాడు. బాగా కాలిన గుండ్రటి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి, గంట ఒకసారి మోగించేవాడు. బుట్ట పైకి వెళ్ళేది. అంతే. మాటలేమైనా ఉంటే బుట్ట వెళుతుండగానే అయిపోయేవి.

ఆ తాడు ఆమె భర్త స్పీరుది. ఓడలు బాగుచేసే రేవులో పనిచేసేవాడు. అక్కడి నుంచే తెచ్చి, బాల్కనీ కొక్కేనికి తనకు మాత్రమే తెలిసిన ముడి వేసి కట్టాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఆ ముడి వదులు కాలేదు. ఫిలుమేనా నలభై ఒక్క ఏళ్ళు బొత్తాల దుకాణంలో నిలబడి పనిచేసింది. ఏ చొక్కాకి ఏ బొత్తాం పోయిందో గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని చూసి చెప్పగలిగేది. ఆ నిలబడటమే ఆమె మోకాళ్ళను తినేసింది. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో అరవై ఎనిమిది మెట్లు దిగి ఎక్కడం ఆదివారం పూజకు మాత్రమే చేతనయ్యేది. మిగతా ఆరు రోజులూ బుట్టే ఆమె కాళ్ళు.

ఆ వీధికి ఒక పద్ధతి ఉండేది. రొట్టె పడ్డ బుట్ట పైకి వెళ్ళకుండా కిందే వేలాడుతుంటే, చూసినవాళ్ళు ఆగి పేరు పెట్టి పిలవాలి. పలక్కపోతే మెట్లెక్కాలి. ఎవరూ నేర్పని పద్ధతి అది, అందరికీ తెలుసు. ఒక చలికాలం ఎదురింటి జుజెప్పినా బుట్ట అలా వేలాడుతుంటే ఫిలుమేనాయే ఎక్కి వెళ్ళింది. జుజెప్పినా జ్వరంతో వంటింటి నేల మీద పడి ఉంది. వల్లెట్టాలో చాలామందిలాగే ఆమె కూడా ఇంటి తాళంచెవి తలుపుకే బయటివైపు వదిలేసేది కాబట్టి సరిపోయింది.

తర్వాత జుజెప్పినా పోయింది. కింది అంతస్తు వాళ్ళు ఇల్లు అమ్ముకుని వెళ్ళారు. ఒక్కొక్క ఇల్లే యాత్రికుల బసగా మారింది. ఫిలుమేనా భవనంలో కింది రెండంతస్తులూ అలాగే మారాయి. వాటిని చూసుకునే రోమీనా పక్క ఊరు స్లీమా నుంచి వచ్చే ముప్ఫై ఏళ్ళ పిల్ల. మంచిదే. వీధి తలుపుకు అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టించింది. ఆ అంకెలు ఫిలుమేనాకు మూడుసార్లు రాసి ఇచ్చింది. పైన ఆమె తలుపుకు వేలాడే తాళంచెవి చూసి ప్రతిసారీ గుండెలు బాదుకునేది.

రోమీనా దగ్గర లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. బస చేసినవాళ్ళు వెళ్ళేముందు నగరం ఎలా అనిపించిందో అందులో రాసేవారు. రేవు మీద సూర్యాస్తమయం, పసుపు రాతి గోడలు, రోజూ మధ్యాహ్నం పన్నెండుకు పేలే ఫిరంగి, ఇవన్నీ అందులో ఉండేవి. పోయినేడాది వసంతం నుంచి బుట్ట కూడా చేరింది. ఒకావిడ ఫోటో తీసి ఎక్కడో పెట్టిందట, దానికోసమే వెతుక్కుంటూ వస్తున్నారు. ముందు ఫోటోలు. తర్వాత, జారెన్ కోసం కింద వేలాడే బుట్టలో చాక్లెట్లు, బిస్కట్లు, ఒకరోజు చిల్లర నాణాలు.

నాణాలు పడ్డ రోజు ఫిలుమేనా వాటిని ఒక్కొక్కటే ఏరింది. జీవితంలో ఒకరి ముందు చెయ్యి చాపని మనిషి. కిటికీలోంచి వాటిని గుప్పెటతో కిందికి విసిరింది. కింద ఉన్నవాళ్ళు నవ్వుతూ ఏరుకుని, అదొక ఆట అనుకుని, బుట్ట దిగగానే మళ్ళీ అందులో వేశారు.

బుట్ట తీసేస్తానని రోమీనాతో అంది. రోమీనా కంగారు పడింది.

"అంత పని చేయకండి ఆంటీ. గెస్టులకి ఇదే ప్రాణం. నిన్నొకావిడ ఏం రాసిందో తెలుసా, పాత కాలంలోకి అడుగుపెట్టినట్టుందట."

"పాత కాలం కాదే తల్లీ, అది నా టిఫిను."

తీసేస్తే రొట్టెకు గతిలేదు. అందుకని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో, ఇంగ్లీషులో, ఇది రొట్టె కోసం పెట్టిన బుట్ట, దయచేసి ఇందులో ఏమీ వేయవద్దు అని రాసి కట్టింది. మర్నాడు జారెన్ కింద నుంచి తల ఎత్తి చెప్పాడు.

"పిన్నీ, నీ బోర్డు పక్కన నిలబడి ఐదుగురు ఫోటో దిగారు. ఇంక నీకు సినిమాలో వేషం ఖాయం."

"వాళ్ళకి చదవడం రాదురా?"

"వచ్చు. చదివి మరీ ముద్దుగా ఉందన్నారు."

అతనికది నవ్వులాట. ఫిలుమేనాకు కాదు. తను ఏం చెప్పినా అది వీళ్ళకు వేడుకే అవుతోంది, తన ఇంట్లో తను ఉండటం కూడా వేడుకే అయిపోయింది.

అక్టోబరులో ఒక గురువారం. ఎదురుగా జుజెప్పినా ఇంటిని హోటలుగా మార్చడానికి రాయి తొలుస్తున్నారు. ఆ యంత్రం పొద్దున్నే మొదలైంది. వీధి పైమొగన సిమెంటు లారీ ఒకటి జారెన్ వ్యాను వెనకే ఆగి హారన్ మీద హారన్ కొడుతోంది. జారెన్ పరుగున వచ్చి, రొట్టె బుట్టలో పెట్టి, గంట మోగించి, బుట్ట లేచేదాకా ఆగకుండా పరుగునే వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో అతను అలా వెళ్ళడం అదే మొదలు.

ఫిలుమేనా తాడు అందుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. మోకాలు మడత పడింది. బాల్కనీ చెక్క నేల మీద పక్కకు పడింది. తుంటి దగ్గర ఏదో పటుక్కుమంది. కాసేపు ఊపిరి కూడా అందలేదు. అందాక అరిచింది. రాయి తొలిచే యంత్రం ఆ అరుపును మింగేసింది. కిటికీ అంచు ఆమెకు చెయ్యెత్తు పైన ఉంది. కింది నుంచి చూస్తే ఆమె కనపడదు. తాడు మాత్రం ఇంకా చేతిలోనే ఉంది.

బుట్ట కింద ఉంది కదా, ఎవరో ఒకరు పిలుస్తారు అనుకుంది. ఆ తర్వాత గుర్తొచ్చింది, పిలిచేవాళ్ళెవరూ ఆ వీధిలో లేరని.

తాడు లాగింది. గంట మోగింది. కింద ఎవరో నవ్వారు. మళ్ళీ లాగింది, ఈసారి ఆపకుండా, చెయ్యి నొప్పెట్టేదాకా. యంత్రం ఆగిన క్షణాల్లో కింద చప్పట్లు వినిపించాయి. అప్పుడు మళ్ళీ అరిచేది, అరుపు పూర్తికాకముందే యంత్రం మొదలయ్యేది. బుట్టను పైకి లాగేద్దామని చూసింది. పడుకుని లాగితే మనిషి తల ఎత్తు దాకా వచ్చింది. కింద ఎవరో దాన్ని అందుకుని పట్టుకున్నారు, ఫోటో కోసమై ఉంటుంది. తర్వాత తాడు దానంతట అదే రెండుసార్లు కదిలింది. కింది మనిషి జవాబుగా లాగుతున్నాడు. ఫిలుమేనా రెండుసార్లు లాగితే అతనూ రెండుసార్లు లాగాడు. జీవితంలో ఆమెకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నొప్పికి రాని ఏడుపు ఆ కోపానికి వచ్చింది.

ఎండ బాల్కనీ అద్దాల మీదికి వచ్చింది. మధ్యాహ్నం ఫిరంగి పేలింది. రోజూ ఆ చప్పుడుకు ఆమె పొయ్యి మీద నీళ్ళు పెట్టేది.

అదే సమయంలో వీధి పైమొగన, ఊరి బ్యాండు మేళంవాళ్ళు నడిపే క్లబ్బులో జారెన్ గాజు గ్లాసులో టీ తాగుతున్నాడు. రోమీనా గెస్టులకు మధ్యాహ్నం రొట్టెలు చెప్పడానికి వచ్చి, ఫోను అతని ముందు పెట్టింది. ఒక జంట ఇందాకే పంపిన ఫోటో. బుట్ట, బోర్డు, పక్కన నవ్వుతున్న అమ్మాయి.

"చూడండి, మీ రొట్టె కూడా పడింది ఫోటోలో."

జారెన్ చూశాడు. బుట్టలో తెల్లగుడ్డ, గుడ్డలోంచి బాగా కాలిన అంచు, దాని మీద ఎవరో పెట్టిన పసుపు పువ్వు.

"ఎప్పుడు తీశారిది?"

"పదిన్నరకేమో. ఎందుకు?"

పావురాలు పొడుస్తాయని రెండు నిమిషాలు కూడా రొట్టెను కింద ఉంచని మనిషి ఫిలుమేనా. జారెన్ గ్లాసు అక్కడే వదిలేసి మెట్ల మీద పరిగెత్తాడు. వీధి తలుపు దగ్గర ఆ అంకెల తాళం అతన్ని ఆపేసింది. వెనక నుంచి రోమీనా ఒగరుస్తూ వచ్చి నొక్కేదాకా తలుపును పిడికిళ్ళతో బాదుతూ నిలబడ్డాడు. పైన ఫిలుమేనా తలుపుకు తాళంచెవి ఎప్పటిలాగే వేలాడుతోంది.

అతన్ని చూసి ఫిలుమేనా మొదట అడిగింది ఒక్కటే.

"ఇంతసేపా రా?"

జారెన్ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గుప్పెట్లోంచి తాడు విడిపించడానికి ఒక్కొక్క వేలే తెరిచాడు.

తుంటి ఎముక విరిగింది. ఏడు వారాలు ఆసుపత్రిలో ఉంది. రోమీనా చూడటానికి వచ్చింది, పువ్వులతో పాటు పుస్తకం కూడా తెచ్చింది. ఆమె సంతోషిస్తుందని ఆ గురువారం నాటి పేజీ తీసి చదివింది. ఈ నగరంలో మనుషులు ఎంత ఆత్మీయులంటే, ముఖమైనా చూపించని ఒక పెద్దావిడ పై నుంచి తాడు ఊపి మాతో కబుర్లాడింది, మా యాత్ర మొత్తంలో ఇదే మరిచిపోలేని జ్ఞాపకం అని రాసి ఉంది.

ఫిలుమేనా చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. కలం అడిగింది. ఆ రాతకు కిందే, దుకాణంలో రసీదులు రాసిన పొందికైన అక్షరాలతో రాసింది: ఆ తాడు ఊపింది నేనే. నేను కింద పడి ఉన్నాను. సాయం కోసం ఊపాను. కింద పేరు, ఇంటి నంబరు కూడా వేసింది.

రోమీనా అది చదివింది. సారీ ఆంటీ అంది, ఏడ్చింది కూడా. కానీ క్రిస్మస్‌కు ముందు జారెన్ ఆ బసలో రొట్టెలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పుస్తకం తిరగేసి చూశాడు. ఆ పేజీ లేదు. ఎవరో బ్లేడుతో నీటుగా కోశారు. ఫిలుమేనాకు చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించి చెప్పేశాడు. అనుకున్నానులే అంది, ఎదురింటి రాయి తొలవడం అయిపోయిందా అని అడిగింది.

డాక్టర్లు ఇక మెట్లు ఎక్కకూడదన్నారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు జారెనే సామాను దించాడు. బుట్టను రోమీనా వాళ్ళు ఉంచేసుకోవచ్చు గానీ తాడు మాత్రం తనకు కావాలని ఫిలుమేనా చెప్పి పంపింది. ముడి విప్పడం ఎవరి వల్లా కాలేదు. కొక్కేన్నే గోడలోంచి ఊడబెరికి తెచ్చాడు. ఇప్పుడక్కడ కొత్త తాడుకు అదే బుట్ట వేలాడుతోంది. అందులో ఉన్నది ప్లాస్టిక్ రొట్టె.

ఫిలుమేనా ఇప్పుడు రేవుకు ఆవలి వైపున బీర్గులో, ఆడపడుచు ఇంటి కింది అంతస్తులో ఉంటోంది. రొట్టె వాకిట్లోకే వస్తుంది. తెచ్చేవాడు కొత్తవాడు, బాగా కాలింది కావాలని రోజూ చెప్పాల్సి వస్తోంది. పెరట్లో రెండు గోడల మధ్య కట్టిన స్పీరు తాడు మీద ఆమె బట్టలు ఆరేసుకుంటుంది.