తెల్ల పట్టీ

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ పట్టీల ఆయా అనే పిలుస్తారు. పరీక్ష ఫలితం రాగానే రోగి మణికట్టుకు పట్టీ కట్టడం ఆమె పని. కరోనాకు ఎరుపు, ఫ్లూకు నీలం, ఇంకే వైరస్ అయినా తెలుపు. ఏ జబ్బు ఎంతమందిని చంపుతుందో పోల్చి చూడాలని పెద్ద డాక్టరు పెట్టిన పద్ధతి. వారం తిరక్కుండానే ఆ రంగులు మనుషుల విలువలైపోయాయి. ఆక్సిజన్ ముందు ఎరుపుకు, తర్వాత నీలానికి. తెల్ల వార్డు మొత్తానికి ఒకే ఒక్క సిలిండరు.

"మా నాన్నకి ఊపిరాడట్లేదమ్మా!" అని ఎవరైనా కాళ్లావేళ్లా పడితే ఆయా కసిరేది.

"తెల్ల పట్టీయేగా బాబూ, ఉత్త జలుబు. ఇంటికి తీసుకుపోయి ఆవిరి పట్టించు."

తీసుకుపోయేవాళ్లు. ఇళ్లలో పోయినవాళ్లను ఆసుపత్రి లెక్కపెట్టదు.

ఒక ఉదయం ఆమె సొంత అక్కనే స్ట్రెచర్ మీద తెచ్చారు. పెదాలు నల్లబడ్డాయి. ఫలితం తెలుపు.

"నువ్వు ఫోన్లో చెప్పినట్టే... నాలుగు రోజులు ఆవిరి పట్టానే," అంది అక్క రొప్పుతూ. "మొహం ఉడికింది గానీ ఆయాసం తగ్గలా."

ఆయా అటూ ఇటూ చూసి ఎర్ర పట్టీ కట్టేసింది. ఆక్సిజన్ దొరికింది. కానీ అప్పటికే ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి. మూడో రోజు అక్క ఎర్ర పట్టీతోనే పోయింది.

నెలాఖరున పెద్ద డాక్టరు చావుల పట్టిక చదివాడు. "తెలుపులో ఒక్క చావూ లేదు. ఆ సిలిండరు కూడా ఎర్ర వార్డుకు మార్చేయండి."

ఆయా ఆయన గది దాకా వెంటపడింది.

"సార్, ఎరుపులో పోయినవాళ్లలో మా అక్కది తెలుపు. పట్టీ మార్చింది నేనే."

ఆయన తల కూడా ఎత్తలేదు. "పట్టిక పైకి వెళ్లిపోయింది. ఈ మాట ఇంకోసారి అన్నావంటే ఉద్యోగం ఊడుతుంది. పట్టిక మాత్రం మారదు. వెళ్లి చెప్పిన పని చూడు."

ఆమె వెళ్లింది. తెల్ల వార్డులో ఒక ముసలమ్మ ఆ సిలిండరు గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

"ఎక్కడికే తల్లీ, తీసుకుపోతున్నావు?"

ఆయా ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. ఏదో ఒకటి చెప్పాలి. నోటికి అలవాటైన మాట ఒక్కటే వచ్చింది.

"ఆవిరి పట్టు, అమ్మా."