రేకు అరటితోట ఫొటో

నా చిన్నప్పుడు గల్ఫులో, అహ్మదీలో మా క్వార్టర్ వెనక జాగాలో ఏదీ మొలిచేది కాదు. అమ్మ రెండేళ్లు బెండ విత్తులు వేసి, ఆ ఇసుకతో పోరాడి, విసిగి వదిలేసింది.

దాన్ని తోటగా మార్చింది మా బాబాయి. నాన్నకు వరసకు తమ్ముడు, సులైబియాలో ఒక షెడ్డులో వెల్డరు. శుక్రవారం శుక్రవారం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. కొడుకు ఎండలో, నిప్పు ముందు పనిచేస్తున్నాడని ఎవరో చెబితే కోనసీమలో వాళ్లమ్మ తిండి మానేసిందట. ఆమెకు ధైర్యం చెప్పడానికి ఆయనకు ఒక ఉపాయం తోచింది. పాత డ్రమ్ముల రేకులు కోసి అరటాకులు చేశాడు. చువ్వలు వంచి కొబ్బరిమట్టలు చేశాడు. మధ్యలో రెండు కొంగల్ని నిలబెట్టాడు. ఆకుపచ్చ రంగు వేశాక దూరం నుంచి చూస్తే అచ్చం తోటే.

ఫొటో తీసింది నేను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మోకాళ్ల మీద కూర్చుని తీస్తే ఇసుకా, ముళ్లకంచే, చెత్త డ్రమ్మూ ఏవీ పడవని నేనే కనిపెట్టాను. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బాబాయి ఆకుల మధ్య నవ్వుతూ నిలబడ్డాడు. "అమ్మడూ, నీ చేతిలో ఏదో మంత్రం ఉందే!" అన్నాడు. వారం రోజులు నా కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆ ఫొటో చూసి వాళ్లమ్మ అన్నం తింది. కానీ దాన్ని బాబాయి తమ్ముడు కూడా చూశాడు. ఊళ్లో బట్టలు కుట్టుకునే మనిషి. మిషను అమ్మేసి, ఏజెంటును పట్టుకుని, నేనూ వచ్చేస్తున్నానని ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం చదివిన రోజు బాబాయి అన్నం ముట్టలేదు. నన్ను వెనక జాగాలోకి తీసుకెళ్లి, పనిబట్టల్లోనే నిలబడ్డాడు. "ఇప్పుడు నించుని తియ్యమ్మా. ఏదీ దాచకు" అన్నాడు. కంచే, ఇసుకా, ఆకుల వెనక తుప్పూ, ఆయన చేతుల మీద కాలిన మచ్చలూ అన్నీ పడేలా తీశాను. రావద్దని రాసి, ఆ ఫొటో జతచేసి పంపాడు.

జవాబు వచ్చింది. నేను బాగుపడితే నీకు కుళ్లు, ఎవరిదో పాతసామాన్ల కొట్టు ఫొటో తీయించి పంపేవు, అని.

ఆ తర్వాత మనిషే వచ్చాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, దగ్గరకు పనికి వెళ్లేలోపు ఒక్క పూట మా ఇంట్లో ఉన్నాడు. రాగానే నేరుగా వెనక్కి వెళ్లి, మిట్టమధ్యాహ్నం ఎండలో అరటాకు మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే లాక్కున్నాడు.

"అయితే రెండోదే నిజమన్నమాట."

"నిజమేరా. ఎంత రాసినా నమ్మేవు కాదు కదరా" అన్నాడు బాబాయి.

"ముందు అదే పంపుంటే నమ్మేవోణ్ణి అన్నయ్యా."

ఇంటిపని అని చెప్పి రప్పించిన కఫీల్ ఆ తమ్ముణ్ణి ఎడారిలో గొర్రెల దగ్గర పెట్టాడు. బాబాయీ నాన్నా రెండుసార్లు వెతుక్కుంటూ వెళ్లారు. మందను ఎక్కడికో తోలుకుపోయారని చెప్పారక్కడ. ఎండలు ముదిరాక కబురొచ్చింది. నీళ్ల ట్యాంకరు రాకపోతే రోడ్డు వెతుక్కుంటూ నడిచాడట. రోడ్డు చేరలేదు.

ఫొటో నేనే తీశానని ఏడ్చాను. బాబాయి నన్ను దగ్గరకు తీసుకున్నాడు. "అబద్ధం కట్టింది నేనమ్మా. నువ్వు నేను నించోమన్నచోట నించున్నావు, అంతే" అన్నాడు. మోకాళ్లు వంచింది నా అంతట నేనేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మరుసటి శుక్రవారం ఆ చెట్లన్నిటినీ ముక్కలుగా కోసేశాడు. మళ్లీ ఎప్పుడూ బొమ్మ చెయ్యలేదు.

ఇప్పుడు నేను ఈ దేశంలోనే, జాబ్రియాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఊరి పిల్లలు ఫోనులో, "పెద్దమ్మా, అక్కడెలా ఉంటదో ఫొటోలు పెట్టండి" అని అడుగుతుంటారు. సముద్రమూ మేడలూ పెట్టను. ఎండలో బస్సు కోసం గోడనీడన కూలబడ్డవాళ్లనీ, మంచాల మధ్య నడవడానికి చోటులేని గదుల్నీ మొట్టమొదటే పెడతాను. కొందరు ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేస్తారు. కొందరు వచ్చేస్తారు. ఒక్కరైనా ఆగారో లేదో నాకు తెలియదు. మొదటి మాట మీద ఉన్న నమ్మకం రెండో మాట మీద ఉండదని మాత్రం తెలుసు. అందుకని, ఎవరూ వినరని తోచినప్పుడు కూడా, నిజమే ముందు చెబుతున్నాను.