రెండు గళ్లలోనూ ‘కాదు’

మా మేడమ్ పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. గుంటూరులోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరికన్నా సీనియర్ ఆమె. ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు ఆఫీసువాళ్లు. ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది. అందులో సగం నా మీదే.

ఆమె ప్రత్తిపాడు దగ్గర మిరప కూలీల ఇంట పుట్టారు. చిన్నప్పుడు కళ్లంలో తల్లి పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరేవారట. కోడ్ నడవకముందే చదివి తప్పులు పట్టే లింటర్‌కి కొత్త రూల్ రాసినప్పుడూ అదే మాట. “తాలు కళ్లంలోనే ఏరాలయ్యా. టిక్కీలో నింపి బస్తా మూతి కుట్టాక ఎవడు విప్పి చూస్తాడు?”

అప్పుడు పంట నమోదు ప్రోగ్రాం చేస్తున్నాం. రైతు వివరాలకు అచ్చులాంటి ‘రైతు’ అనే టైప్‌లో నేను రెండు గళ్లు పెట్టాను. సొంత భూమా? పత్రం ఉన్న కౌలా? జవాబు అవును, లేదా కాదు. అలాంటి గళ్లు ఒక టైప్‌లో రెండు కనబడితే చాలు, ఆమె రూల్ ఎర్రగీత గీసేది: ఉండగల రకాలన్నీ పేరు పెట్టి రాయండి, అని.

“ఇలా గీతలు గీస్తుంటే పని తెమలదండీ” అన్నాను.

“మీటింగుల్లో కౌలు రైతు, కౌలు రైతు అని గొంతు చించుకుంటావు. నోటిమాట మీద కౌలు చేసేవాడికి నీ టైప్‌లో చోటేదయ్యా?”

నవ్వేశాను. ఆమె ఆస్పత్రిలో చేరగానే ఆ రూల్‌ని ఆపేశాను. అందుకు ఒక్క లైను చాలింది.

తర్వాత పొదిలి నుంచి ఒకామె మా ఆఫీసుకొచ్చింది. కంది చేను వానకు పోయింది. చేతిలో నమోదు రసీదుంది, నష్టపరిహారం లిస్టులో పేరు లేదు. “కాగితంలో ఉన్నానంటారు, కంప్యూటర్లో లేనంటారు. చేను దున్నింది ఎవరు మరి, దెయ్యమా?” చూస్తే రెండు గళ్లలోనూ ‘కాదు’. సొంతదారుల్లోకీ రాలేదు, కౌలుదారుల్లోకీ రాలేదు. దీన్ని సాంకేతిక లోపం అనమన్నారు ఆఫీసులో. నేననను. ఉన్న మనిషికి చోటు పెట్టకపోవడం రాజకీయమే, చేసింది నాలాంటి అభ్యుదయవాదైనా సరే.

ఆస్పత్రికెళ్లి తప్పయిందన్నాను. మేడమ్ కళ్లు తెరవకుండానే అన్నారు: “నాకెందుకు చెప్తావు? ఆవిడకి చెప్పు.”

సమాధి దగ్గర్నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి, రూల్‌ని ఆపిన ఆ లైను చెరిపాను. స్క్రీన్ పైనుంచి కిందిదాకా ఎర్రగీతలు లేచాయి. ‘రైతు’ దగ్గర గళ్లు తీసేసి మూడు రకాలు రాశాను. మూడోది ‘నోటిమాట కౌలు’. పొదిలి ఆమె పేరు లిస్టులోకి వచ్చింది. పరిహారం గడువు దాటి అప్పటికి మూడు రోజులు.

ఒక గీత పోయింది. మిగతావన్నీ కళ్లంలో ఎండబోసిన కాయల్లా ఎర్రగా, ఏరే చేతుల కోసం అలాగే ఉన్నాయి.