ఇరవై నాలుగు గంటల చుట్టం

2012 జూన్‌లో కరీంనగర్‌లోని ఒక ఉపకార వేతనాల ట్రస్టులో కార్యక్రమ అధికారిగా చేరాను. ఆఫ్రికా దేశాల నుంచి ఏటా పదిమంది పట్టభద్రులను ఎంపిక చేసి, ఏడాది పాటు ఇక్కడ నాయకత్వ శిక్షణ ఇప్పించడం ట్రస్టు పని. గ్రానైట్ ఎగుమతి చేసే ఒక పెద్దమనిషి, ఆ ఖండంలో తన వ్యాపారం నిలదొక్కుకున్న కృతజ్ఞతతో దీన్ని స్థాపించారు. సిబ్బంది నలుగురం. ఒక ఖండానికి కాబోయే నాయకులను తీర్చిదిద్దే సంస్థలో పనిచేసిన మేము నలుగురం అపార్ట్‌మెంట్ సంఘానికి కూడా ఎన్నడూ ఎన్నిక కాలేదు.

నాయకత్వం నేర్పేది అధ్యాపకులు. మావి కాగితాలు: వీసా, రిజిస్ట్రేషన్, వసతి, జ్వరం వస్తే ఆసుపత్రి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఫారం-సి. విదేశీయులకు ఎవరు వసతి ఇచ్చినా ఇరవై నాలుగు గంటల్లోపు ఆ వివరాలు పోలీసు శాఖకు ఆన్‌లైన్‌లో పంపాలి. దీన్ని మా విద్యార్థులకూ క్షేత్ర సిబ్బందికీ వివరిస్తూ నలభై పేజీల నియమావళి నేనే రాశాను. అందులో ఏడో పేజీ గురించి అప్పట్లో నాకు కాస్త గర్వం ఉండేది. "లాడ్జిలో దిగిన వెంటనే మేనేజరు చేత ఫారం-సి పంపించాలి" అని ఉంటుంది.

2018 జూలైలో ఎస్తేర్ అనే అమ్మాయిని రెండు వారాల క్షేత్ర పరిశీలనకు ఆదిలాబాద్ పంపాం. మలావీ దేశంలో నర్సు. కోర్సు పూర్తిచేసి ధ్రువపత్రంతో వస్తేనే ఉద్యోగం ఉంటుందన్న షరతు మీద వాళ్ల ఆసుపత్రి ఆమెకు ఏడాది సెలవిచ్చింది. ఆదిలాబాద్ పట్టణంలో ఒక లాడ్జిలో ఉండి, రోజూ ఉట్నూరు అవతలి ఒక ఊరికి వెళ్లి ఆరోగ్య ఉపకేంద్రం పనితీరు చూడాలి. తోడు మా క్షేత్ర సమన్వయకర్త సాయన్న. ఆయనది ఆ ఊరే.

మొదటి గురువారం నాడు సాయన్న ఫోన్ చేశాడు. "సార్, వానకు వాగు వొచ్చేటట్టున్నది. రోజూ తిరుగుడు కాదు. లాడ్జి ఖాళీ చేపిచ్చిన. బిడ్డను మా ఇంట్లనే ఉంచుకుంట, అవ్వ ఉన్నది" అన్నాడు. మంచి పని చేశావన్నాను. ఆ మాట అన్నప్పుడు ఏడో పేజీ నా మేజా మీదే ఉంది.

ఐదు రోజుల తర్వాత, మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆదిలాబాద్ పోలీసు కార్యాలయంలో విదేశీయుల వివరాలు చూసే సబ్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు.

"మీ మలావీ అమ్మాయి గురువారం లాడ్జి ఖాళీ చేసింది. అప్పటి సంది ఏడ ఉన్నట్టు ఎంట్రీ లేదు. ఏడ ఉన్నది?"

ఫీల్డులో ఉందన్నాను.

"ఫీల్డంటే ఏడ సార్? చేనుల ఉన్నదా, చెలకల ఉన్నదా?"

సాయన్న ఇంట్లో అంటే ఫారం-సి ఏదని అడుగుతాడు; నేనే బయల్దేరి వస్తున్నానన్నాను. ఆయన మర్యాదగానే చెప్పాడు: సాయంత్రం నాలుగింటికల్లా మనిషీ, ఇన్నాళ్లు ఆమె ఎక్కడుందో చూపే కాగితమూ తన ముందు ఉండాలి. లేకపోతే విదేశీయురాలి ఆచూకీ లేదని హైదరాబాద్‌కు నివేదిక పోతుంది. "పోయినంక నా చేతుల ఏం ఉండదు" అన్నాడు. దాని అర్థం నాకు తెలుసు. విచారణ తేలేదాకా వీసా ఆగుతుంది, కోర్సు ఆగుతుంది. అక్కడ ఆసుపత్రి మాత్రం ఆగదు.

మా డైరెక్టరు విశ్రాంత ప్రిన్సిపాల్. అంతా విని, "అక్కడి పరిస్థితిని బట్టి మీరే చూసుకోండి" అన్నారు. రేపు ఏదైనా తేడా వస్తే ఇందులో తన ప్రమేయం లేదనడానికి అంతకన్నా మర్యాదైన వాక్యం లేదు.

కారులో బయల్దేరాను. ఆదిలాబాద్‌కు నాలుగున్నర గంటల ప్రయాణం. సాయన్నకు ఎనిమిదిసార్లు చేసినా ఫోన్ మోగకుండానే ఆగిపోయింది. మంచిర్యాల దాటాక అతనే చేశాడు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాడట. సంగతి చెప్పాను.

"ఇంట్ల ఉన్న మనిషి తప్పిపోవుడేంది సార్?" అన్నాడు.

నాలుగింటికి తీసుకురాగలవా అని అడిగాను.

"వాగు ఇంక దిగలే. ట్రాక్టర్ మీద దాటియ్యాలె. జర నీళ్లు తగ్గితే..." అంటుండగా లైను తెగింది. ఆ తర్వాత మళ్లీ కలవలేదు.

రెండుంబావుకు ముందు లాడ్జికి వెళ్లాను. మేనేజరుకు విషయం అప్పటికే తెలుసు. ఆయన సాయం చేసే మనిషి, అదే ప్రమాదం. "గీ ఐదు దినాలు మా దగ్గరనే ఉన్నదని రిజిస్టర్ల రాస్త సార్. ఖాళీ చేసిందని మా పోరడు కంప్యూటర్ల తప్పు కొట్టిండని చెప్తం. ఒక్క లైను గదా, ఎందుకు పరేషాన్ అయితరు?" అన్నాడు. రాశాడు. జిరాక్స్ తీసి ఇచ్చాడు. నేను వద్దనలేదు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ కాగితం పెట్టుకున్నాక సంచి బరువెక్కిందని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి నాకు హాయిగా అనిపించింది.

మూడింటికి పోలీసు కార్యాలయం వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మూడున్నర. ఎదుటి గోడ మీద గడియారం మా ఆఫీసు గడియారంలా కాకుండా సరిగ్గా పనిచేస్తోంది. మూడు నలభైకి ఎస్.ఐ. లోపలికి పిలిచాడు. మనిషి రాలేదు, కనీసం కాగితం ఉందా అని అడిగాడు. సంచిలో చెయ్యి పెట్టాను. జిరాక్స్ వేళ్లకు తగిలింది.

అప్పుడే వరండాలో చప్పుడైంది. ముందు సాయన్న, వెనక మోకాళ్ల దాకా బురదతో ఎస్తేర్, ఆమె చెయ్యి పట్టుకుని డెబ్బై ఏళ్ల ముసలమ్మ. సాయన్న తల్లి లచ్చవ్వ. ఆమెను ఎవరూ రమ్మనలేదు.

"నువ్వెందుకొచ్చినవ్ అవ్వా?" అన్నాడు ఎస్.ఐ.

"ఆడివిల్లను ఒక్కదాన్ని ఠాణాకు పంపుతనా? ఐదొద్దుల సంది మా ఇంట్ల తిన్న బిడ్డ."

"విదేశీయులు ఇంట్ల ఉంటే ఇరవై నాలుగు గంటల్ల మాకు చెప్పాలె. ఎరుకేనా?"

"చుట్టమొస్తే ఠాణాల రాపిస్తరా సారూ? మీ ఇంటికి మీ మేనత్త వొస్తే రాపిచ్చినవా?"

గదిలో ఒక కానిస్టేబుల్ కిటికీ వైపు తిరిగాడు.

"నీ మీద కేసయితది అవ్వా."

"కానియ్యి. రాసుకో. పొద్దుగాల్ల సంది తిన్నవో లేదో, జొన్నరొట్టెలు తెచ్చిన. తినుకుంట రాసుకో."

నా చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. ఆమె అంత చెప్పాక ఆ జిరాక్సుకు పని లేకుండా పోయింది. చెయ్యి ఖాళీగా బయటికి తీశాను. ఇళ్లకు కూడా ఫారం-సి వర్తిస్తుందని సాయన్నకు చెప్పాల్సింది నేనేననీ, నియమావళిలో లాడ్జి అని మాత్రమే రాసింది నేనేననీ ఒప్పుకున్నాను. దీన్ని ఎవరూ నిజాయితీ అనుకోవద్దు. మిగతా దారులన్నీ లచ్చవ్వ మూసేసింది.

ఎస్.ఐ. పెన్ను కింద పెట్టాడు. "మీరు చెప్పేది నిజమే కావచ్చు సార్. నేను నమ్ముత. కంప్యూటర్ నమ్మదు. గురువారం నుంచి ఆ ఊర్లనే ఉన్నదనేటందుకు ఏమున్నది?"

ఎస్తేర్ ఏమడుగుతున్నారని నన్ను ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫీల్డు డైరీ తీసి బల్ల మీద పెట్టింది.

గురువారం పేజీలో, ఈమె మా గ్రామానికి వచ్చి సాయన్న ఇంట్లో ఉంటున్నదని సర్పంచ్ చేతిరాత, సంతకం, పంచాయతీ ముద్ర, తేదీ. తర్వాతి పేజీల్లో ప్రతి రోజూ ఉపకేంద్రం ఏఎన్ఎం సంతకం.

ఇది ఎవరు చేయమన్నారని అడిగాను. ఎవరూ కాదంది. వాళ్ల ప్రాంతంలో పరాయి ఊళ్లో ఉండబోయే మనిషి మొదటి రోజే ఆ ఊరి పెద్ద ముందుకు వెళ్లి కనబడాలట. అది మర్యాద. ఇక్కడ పెద్ద ఎవరని అడిగితే సాయన్న అవసరం లేదన్నాడట. రెండోసారీ అడిగిందట.

"అడుగుడేంది సార్, ఇడ్వలే! వానల గొడుగు పట్టుకొని తీస్కపోయిన" అన్నాడు సాయన్న, నేరం ఒప్పుకుంటున్నట్టు.

నేను లెక్క వేసుకున్నాను. లచ్చవ్వ రాకముందే నేను జిరాక్స్ ఇచ్చి ఉంటే, అవే రాత్రులు ఆమె లాడ్జిలోనూ, వాగు అవతలా ఉన్నట్టు రెండు సాక్ష్యాలు ఆ బల్ల మీద ఉండేవి. ఆలస్యానికి సంజాయిషీ ఉంటుంది. అబద్ధానికి ఉండదు. పైగా తన సొంత డైరీతో ఎస్తేరే దొరికిపోయేది.

నాలుగుకు ఐదు నిమిషాలప్పుడు ఎస్.ఐ. డైరీ పేజీలు నకలు తీయించాడు. సాయన్న పేర గృహయజమానిగా ఫారం-సి అక్కడే నింపించాడు. ఆలస్యానికి కారణం రాసి నా సంతకం తీసుకున్నాడు. నివేదిక వెళ్లలేదు. ఆయన రొట్టె తిన్నాడో లేదో నాకు తెలియదు. లచ్చవ్వ గిన్నె ఖాళీగానే తీసుకెళ్లింది.

ఎస్తేర్ కోర్సు పూర్తిచేసి, ధ్రువపత్రంతో తన ఉద్యోగంలో చేరింది. లాడ్జి రిజిస్టరులో ఆ లైను నా ఎదుటే కొట్టేయించాను; మేనేజరు నొచ్చుకున్నాడు. ట్రస్టు నాకొక మెమో ఇచ్చింది. డ్రాఫ్టు నన్నే రాయమన్నారు, మా ఆఫీసులో ఇంగ్లీషు సరిగా రాసేది నేనొక్కణ్నే కనుక.

ఆ ఏడాది నియమావళి సవరించాను. ఏడో పేజీలో "లాడ్జి" తీసేసి "రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడ" అని రాశాను. దాని కింద ఇంకో వాక్యం చేర్చాను: "కొత్త ఊళ్లో మొదటి రోజే సర్పంచ్‌ను కలిసి డైరీలో తేదీతో సంతకం, ముద్ర తీసుకోవాలి." తర్వాత ఐదేళ్లు, 2023లో నేను రిటైరయ్యేదాకా, ఆ పుస్తకంలో దాదాపు ప్రతి నియమాన్నీ ఏదో ఒక పొరపాటు జరిగాక దిద్దాల్సి వచ్చింది. దిద్దే పని పడనిది ఆ ఒక్క వాక్యమే. అందులో నా బుర్రలో పుట్టనిదీ అదొక్కటే.